గంగ ఒడ్డున ముప్పై రెండు గుంజలు

మా మనుమల ఈడు ఇంజనీర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూపించి, ఏ ఏడు నది ఒడ్డు ఎంత కోసుకుపోయిందో కూర్చున్న చోటే చెప్పేస్తారు. "మీ కాలంలో ఎట్లా కొలిచేవారు సార్?" అని అడుగుతారు. గుంజలు పాతి గొలుసుతో కొలిచేవాళ్లమంటే నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ గుంజల దగ్గరే నేను నా నౌకరీ మొత్తంలో పెద్ద తప్పు చేశాను. కన్నతల్లి తర్వాత తల్లి అనదగ్గ మనిషి కూడా నాకు అక్కడే దొరికింది. రెండూ ఒక్క వానకాలంలో జరిగాయి. ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మీరు కొత్తగా నౌకరీలో చేరారు గనుక మీకు చెబుతాను.

నాది హుస్నాబాద్. మాది మగ్గాల ఇల్లు. మా వీధిలో సర్కారు నౌకరీ వచ్చిన మొదటివాణ్ని నేనే. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో నన్ను ఓవర్సీరుగా లక్సెట్టిపేటకు వేశారు. అంతవరకు నేను చూసిన నీళ్లన్నీ కలిపినా గోదావరిలో ఒక మూలకు రావు. అక్కడివాళ్లు దాన్ని గోదావరి అనరు, గంగ అంటారు. మొదటి రోజు ఒడ్డున నిలబడి అవతలి గట్టు కోసం చూసి, భయపడి రెండడుగులు వెనక్కి వేశాను. నా పక్కనున్న ముసలాయన పకపకా నవ్వాడు.

ఆ ముసలాయన మా ఆఫీసు గొలుసు మనిషి. నిజాం కాలం నుంచి కొలత గొలుసు పట్టినవాడు. అందరూ చాచా అనేవారు, నేనూ చాచా అనే పిలిచాను. మోకాళ్ల నొప్పులు, నోట్లో ఎప్పుడూ పాన్, ఎదుటివాణ్ని ఏదో ఒకటి అననిదే పొద్దుపోని మనిషి. "బేటా, గంగను చూసి భయపడితే మంచిదే. పెద్ద సాబు భయపడతలేడు, గదే నా పరేషాన్" అన్నాడు.

పెద్ద సాబు అంటే మా పెద్ద ఇంజనీరు. కోస్తా నుంచి వచ్చినాయన, మంచివాడు, ఎండలో మాతో సమానంగా నిలబడేవాడు. లక్సెట్టిపేటకు దిగువన చేపలు పట్టేవాళ్ల వాడ ఒకటి ఉండేది. ఇరవై ఇళ్లు. ప్రతి వానకాలం గంగ ఆ వాడ ఒడ్డును కొంత కోసుకుపోతుండేది. సముద్రం పక్క ఊళ్లలో ఒడ్డు కోసుకుపోతే ఇసుక తెచ్చి పోసి నిలబెడతారని ఈయన ఎక్కడో చూశాడట. అదే ఇక్కడ చేద్దామన్నాడు. నది నడుమ పెద్ద ఇసుక తిప్ప ఉంది. ఎండాకాలంలో దాన్ని తవ్వి, బండ్ల మీద తెచ్చి, ఒడ్డు వెంబడి వాలుగా పోయాలి. వరద వస్తే ముందు ఆ ఇసుకను తింటుంది, మన్ను జోలికి రాదు. ఇదీ ఆలోచన.

వాడ కులపెద్ద ఒకరోజు సాబు ముందుకొచ్చి, రుమాలు తీసి చేతిలో పట్టుకుని అన్నాడు: "నడుమ తిప్ప ఉన్నది గనుక గంగ రెండు పాయలైతుంది సారూ. దాన్ని తొవ్వితే నీళ్లు గిటే మళ్లుతయి. మా తాతలు గా తిప్ప మీద కట్టెపుల్ల గూడ ముట్టలే."

సాబు ఓపికగా విన్నాడు. "అందుకేనయ్యా కొలతలు తీయిస్తున్నాం. ఒడ్డు తగ్గితే మా కుర్రాడి పుస్తకంలో తెలిసిపోతుంది. అప్పుడు మీకు మెరక మీద ఇళ్ల జాగాలు నేనే ఇప్పిస్తాను" అన్నాడు.

ఆ కుర్రాణ్ని నేను. ఆ ఇరవై ఇళ్లు ఉండాలా, లేవాలా అన్నది నా పుస్తకంలో పడింది. నాకప్పుడు ఆ బరువు తెలియలేదు, గొప్పగా అనిపించింది.

ఆ ఎండాకాలమే తిప్ప తవ్వి ఒడ్డు వెంబడి ఇసుక పోయించాం. వానలకు ముందు ఒడ్డు అంచు నుంచి ముప్పై అడుగులు లోపలికి ఎర్ర రంగు వేసిన ముప్పై రెండు గుంజలు వరసగా పాతించాను. పదిహేను రోజులకోసారి వచ్చి, గుంజ నుంచి అంచుకు ఎంత దూరముందో కొలిచి రాసుకోవాలి. ముప్పై అడుగులు ఇరవై అయితే పదడుగులు పోయిందని లెక్క. వాడ నడుమ ఒక రాతి బావి ఉంది. దాని నుంచి గుంజలకు కూడా కొలిచి చూసుకుంటుండాలి, గుంజ కదిలిందా లేదా తెలియడానికి. మొదటి రోజు కొలిచాను. తర్వాత కొలవలేదు. బావి నుంచి గొలుసు లాగాలంటే ఇళ్ల మధ్య నుంచి, పెంటకుప్పల మీద నుంచి లాగాలి. పాతిన గుంజ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

గుంజలకు కావలి కావాలి. ఒడ్డుకు అందరికంటే దగ్గరి ఇల్లు ఒక పెద్దామెది. పెనిమిటి పోయాడు, ఒక్కతే బిడ్డను అవతలి గట్టు ఊళ్లో ఇచ్చింది. ఇంటి ముందు పెనిమిటి పడవ బోర్లించి ఉండేది. ఇంటికి టేకు దర్వాజ, వాడ మొత్తంలో అటువంటిది ఇంకొకటి లేదు. ఆమెను కావలికి కుదిర్చి నేనన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"పెద్దమ్మా, గీ గుంజలు సర్కారువి. ఒక్కటి గంగల కొట్టుకపోయినా నన్నే అడుగుతరు. నా నౌకరి ఇంకా పక్కా కాలే. గుంజ పోయిందంటే నా నౌకరి పోయినట్టే."

ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "గింత కట్టెకా సారూ?"

"గింత కట్టెకే."

"అయితే నువ్వేం ఫికర్ చెయ్యకు. నా పానం పోయినా గుంజ పోనియ్య."

గుంజ పోతే ఏమవుతుందో చెప్పాను. గుంజ ఎందుకు పాతామో చెప్పలేదు. చదువులేని మనిషికి అదంతా ఎందుకనుకున్నాను. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా కథ మీరు మరచిపోయినా నాకు బాధలేదు.

వానలు మొదలయ్యాయి. పదిహేను రోజులకోసారి పోవలసిన నేను వారానికోసారి పోయేవాణ్ని. కొలత నెపమే. అసలు సంగతి ఆమె చేతి తిండి. జొన్నరవ్వతో కాచిన గటక, చేపల పులుసు. లక్సెట్టిపేటలో కిరాయి గదిలో నేను వండుకునేది చూస్తే కుక్క కూడా ఆలోచించేది. పెద్దమ్మ చేప తలకాయ నాకోసం పక్కన పెట్టి, "తిను బిడ్డా, గిట్ల సన్నగుంటే గంగ గాలికే కొట్టుకపోతవ్" అనేది. సారు అనడం ఎప్పుడు మానిందో, బిడ్డా అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు తెలియదు. చాచా పక్కన కూర్చుని, "నాకు తోక ముక్క, సారుకు తలకాయ. గిదేం ఇన్సాఫ్?" అని తగవు పెట్టుకునేవాడు. "నువ్వు రేపో మాపో పింఛన్ తీసుకునేటోనివి, నీకు తలకాయ ఎందుకు?" అనేది ఆమె. వాన చూరు మీద నుంచి కారుతుండేది. ముగ్గురం పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లం. తర్వాత నేను మంచి మంచి బంగళాల్లో ఉన్నాను, పెద్దవాళ్ల బంతిలో తిన్నాను. ఆ పొయ్యి దగ్గర ఉన్నంత హాయిగా ఎక్కడా లేను.

కొలతలు బంగారంలా వచ్చాయి. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. ఏ గుంజ చూసినా అంతే. శ్రావణం దాటినా అంతే. సాబు నా పుస్తకం చూసి భుజం తట్టాడు. నన్ను పక్కా చేసే కాగితం పైకి పంపానన్నాడు. మా బాపుకు, అంటే నాన్నకు, ఉత్తరం రాశాను. ఆయన ఆ ఉత్తరం వీధిలో అందరికీ చదివి వినిపించాడట.

ఒడ్డు నిలబడిందని నా పుస్తకం చెప్పింది గనుక, వాడవాళ్లు ఇళ్ల జాగాల కోసం పెట్టుకున్న దరఖాస్తు తిరిగి వచ్చింది. కులపెద్ద దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "సారూ, గంగ మాదిక్కే కోస్తుంది."

"పుస్తకం చూడు పటేలా. గుంజలు ఎట్లున్నయో గట్లనే ఉన్నయి."

"నాకు సదువు రాదు. నిన్న నా పడవ కట్టిన మొద్దు గియ్యాల లేదు. గది గూడ రాసుకుంటరా మీ పుస్తకంల?"

"మాకు గుంజలు చెప్పిందే లెక్క" అన్నాను. ఆయన దరఖాస్తు మడుచుకుని వెళ్లిపోయాడు. పెద్దమ్మ అక్కడే ఉంది. గుంజలు బాగున్నాయని నేనన్నందుకు ఆమె ముఖం వెలిగిపోయింది.

మీరు అడుగుతారు, కళ్లు లేవా అని. ఉన్నాయి, పుస్తకం మీద ఉన్నాయి. పోసిన ఇసుక జారి అంచంతా ఒక్క తీరుగా కనిపించేది. గుంజల వరస చెక్కుచెదరకుండా ఉండేది. ఏడు నెలల నౌకరీలో నేను నేర్చుకున్న తెలివి, అంకె కనిపిస్తే తల ఎత్తకపోవడం.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నేను చూరు కింద కూర్చుని తింటున్నాను, పెద్దమ్మ వల ఆరేస్తోంది. ఇంటి గుంజకూ మా ఏడో నంబరు గుంజకూ తాడు కట్టి వల ఆరేయడం ఆమెకు అలవాటు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ని. ఎండాకాలంలో ఆ తాడు మీద వల బారుగా పరుచుకునేది. ఆరోజు ఆమె దాన్ని నాలుగు మడతలు వేసి ఆరేస్తోంది.

"మడత పెడుతున్నవేంది పెద్దమ్మా?"

"జాగ యాడున్నది బిడ్డా? గుంజ దగ్గరకు రాలే?"

అన్నం చేతిలోనే ఉండిపోయింది. "గుంజ దగ్గరకు ఎట్ల వస్తది?"

"నేనే జరిపిన." ఆమె నవ్వింది. దొంగ దొరికినట్టు కాదు, పండక్కి కొత్త చీర చూపించినట్టు నవ్వింది. "గంగ దగ్గరికి వచ్చినప్పుడల్లా పీకి ఎనుకకు పాతిన. నీ గొలుసు చూసి గదే కొలతకు వలతాడు కోసి పెట్టుకున్న. పాతినప్పుడల్లా ముప్పై అడుగులకు ఒక్క జానెడు గూడ తేడా రానియ్యలే. ఒక్క గుంజ పోలే బిడ్డా. నీ నౌకరికి ఏం కాదు."

చాచా పాన్ నమలడం ఆపేశాడు. నేను చెయ్యి కడుక్కుని బావి దగ్గర గొలుసు పెట్టాను. ఇళ్ల మధ్య నుంచి, పెంటకుప్పల మీద నుంచి లాగాం. మొదటి రోజు బావి నుంచి ఏడో గుంజకు నూట ఇరవై అడుగులు. ఆరోజు డెబ్బై. గంగ యాభై అడుగుల ఒడ్డును మింగి కూర్చుంది. తిప్ప తవ్విన చోటు నుంచి పాయంతా ఇటు మళ్లి, తిన్నగా వాడ మీదికే వస్తోంది. కులపెద్ద చెప్పింది చెప్పినట్టు జరిగింది.

తిరిగి వస్తుంటే చాచా అన్నాడు: "బేటా, జర సబర్ చెయ్. నీ కాగితం మీద పది దినాలల్ల దస్తకత్ అయితది. వానలు గూడ తగ్గబట్టె. గప్పుడు చెప్పుకుందువు." నా మంచికే అన్నాడు. నేను విన్నాను. తప్పు ఆయన మీద వేయను. ఆయన అనకపోతే నాకు నేనే అనుకునేవాణ్ని. చెబితే నా కొలతలన్నీ అబద్ధమని తేలుతుంది. సర్కారు గుంజలు కదిలించినందుకు పెద్దమ్మను పట్టుకుంటారు. సాబుకు తలవంపులు. బాపు వీధిలో తల ఎత్తుకోలేడు. ఇన్ని కారణాలు చెప్పుకున్నాను గానీ, నిజంగా ఉన్నది ఒక్కటే, భయం.

ఎనిమిది రోజులు నోరు మూసుకున్నాను. ఆ ఎనిమిది రోజుల్లో రెండుసార్లు వాడకు పోయాను. పెద్దమ్మ తలకాయ ముక్క పెట్టింది. సగం తిని పళ్లెం పక్కన పెట్టాను. "జరమొచ్చిందా బిడ్డా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. తొమ్మిదో రోజు పొద్దున్నే చాచాను లేపి, "పోదాం నడువు" అన్నాను. ఆయన పాన్ డబ్బీ జేబులో వేసుకుని వెంట నడిచాడు.

సాబు ముందు పుస్తకం పెట్టి, బావి నుంచి కొలిచిన లెక్క చెప్పాను. గుంజలు కదిలాయని చెప్పాను. ఎవరు కదిలించారని అడిగితే, బావి నుంచి సరిచూసుకోని తప్పు నాదేనని మాత్రం అన్నాను. ఆయన పుస్తకం మూశాడు.

"ఒడ్డు చూసి రమ్మంటే పుస్తకం చూసి వచ్చావటయ్యా?" అన్నాడు. తర్వాత లేచి కిటికీ దగ్గరికి పోయాడు. "నేను మాత్రం ఏం చేశాను? ఆ కులపెద్ద చెప్తే విన్నానా? వెళ్లు. ముందు మనుషుల్ని మెరక ఎక్కించు. ఇళ్ల జాగాల కాగితం సంగతి నేను చూసుకుంటాను." పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం నా నౌకరీలో చూసింది ఆ ఒక్కసారే.

మేం వాడకు చేరేసరికి పైన ఎక్కడో కురిసిన వానలకు గంగ ఎర్రగా ఉబ్బి ఉంది. ఇంటింటికీ తిరిగి ఇళ్లు విప్పుకోమని చెప్పాం. కులపెద్ద నా వైపు చూడకుండా తన ఇంటి దూలాలకు చెయ్యి వేశాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మా దిక్కు ఇల్లు మారడమంటే దర్వాజ, దూలాలు విప్పుకుని పోవడమే. గోడలు మళ్లీ కట్టుకోవచ్చు, టేకు మళ్లీ దొరకదు. ఆడామగా అందరూ దూలాలు మోసుకుంటూ మెరక ఎక్కుతున్నారు. నేనూ చాచా పైన నిలబడి, గొలుసు పరిచి, ఇంటింటికీ జాగా గీస్తున్నాం. పెద్దమ్మ మరిది కొడుకులు తమ ఇల్లు విప్పుకున్నాక ఆమె ఇల్లు విప్పుతామన్నారు. నేను సరేనన్నాను.

రెండో రోజు పొద్దెక్కాక చూస్తే, పెద్దమ్మ నెత్తి మీద పెద్ద మోపుతో మెరక ఎక్కుతోంది. వంట సామాను కాబోలనుకున్నాను. నా కాళ్ల దగ్గరికి వచ్చి మోపు దించింది. ఎర్ర గుంజలు. చేతులు చీరుకుపోయి ఉన్నాయి.

"ముప్పై రెండు. లెక్క పెట్టుకో బిడ్డా. పొద్దటి సంది పీకుతనే ఉన్న."

"నీ దర్వాజ ఏది పెద్దమ్మా? నీ సామాన్లు?"

"పోరగాండ్లు తెస్తరు తియ్యి. ముందు నీవి చూసుకో."

నేను గొలుసు వదిలేసి కిందికి పరిగెత్తాను. మరిది కొడుకులూ పరిగెత్తారు. సగం దూరం పోయామో లేదో, ఆమె ఇంటి వెనక గోడ నీళ్లలోకి కూర్చుంది. తర్వాత పడవ కదిలింది. తర్వాత టేకు దర్వాజ, నిలబడ్డది నిలబడ్డట్టే, గంగలోకి వంగింది. మనుషులకు ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆమె ఒక్కతే కాదు, ఇంకా ఏడిళ్లవాళ్లు గింజలూ వలలూ పోగొట్టుకున్నారు. నేను మొదటి రోజే చెప్పి ఉంటే ఎనిమిది రోజులు దొరికేవి. గిన్నె కూడా పోయేది కాదు.

పైకి వచ్చేసరికి ఆమె గుంజల పక్కన కూర్చుని గంగ వైపు చూస్తోంది. ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. నేను ఎదురుగా కూలబడ్డాను. ఆ గుంజలు పోతే పోనియ్యవలసింది పెద్దమ్మా, అవి పోతేనే మనకు తెలిసేది అని చెప్పాలి. నోరు తెరిచాను. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది. "నువ్వెందుకు ఏడుస్తవ్ బిడ్డా? నీ గుంజలున్నయి గద." నేను చెప్పలేకపోయాను.

నా నౌకరీ పోలేదు గానీ పోయినంత పని అయింది. పక్కా కావడం మూడేళ్లు వెనక్కి పోయింది. నన్ను ఉట్నూరు అడవి రోడ్ల మీదికి పంపారు. చాచా ఆ చలికాలంలోనే పింఛను తీసుకుని తన ఊరు వెళ్లిపోయాడు, మళ్లీ కలవలేదు. వాడవాళ్లకు మాత్రం మెరక మీద జాగాలు ఖాయమయ్యాయి. సాబు మాట నిలబెట్టుకున్నాడు.

ఉట్నూరులో ఉన్న ఏళ్లన్నీ నాకు గంగ మీదే బెంగ. వాన పడితే చాలు, ఆ చూరు, ఆ పొయ్యి, తలకాయ ముక్క కోసం చాచా పెట్టే తగవు గుర్తొచ్చేవి. ఎన్నిసార్లు బయలుదేరానో, ఎన్నిసార్లు బస్సు దగ్గరి నుంచి తిరిగి వచ్చానో. పోతే చెప్పాలి. చెప్పడానికి మనసు రాదు. చివరికి తొమ్మిదేళ్లకు బదిలీ మీద పోతూ లక్సెట్టిపేటలో దిగాను.

మెరక మీద వాడ పెరిగింది. పెద్దమ్మ చిన్న గుడిసె ముందు కూర్చుని వల అల్లుతోంది. చూపు దాదాపు పోయింది, వేళ్లతోనే అల్లుతోంది. గుడిసెకు దర్వాజ లేదు, తడక కట్టి ఉంది. నా గొంతు వినగానే వల పక్కన పెట్టింది. చేతులు చాపి నా ముఖం తడిమి చూసింది.

"బిడ్డా, వచ్చినవా? మస్తు దినాలకు." తర్వాత అడిగింది, గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు: "నౌకరి ఉన్నది గద?"

"ఉన్నది పెద్దమ్మా. పక్కా అయింది."

ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకుంది. తొమ్మిదేళ్లుగా ఆ ఊపిరి పట్టుకుని ఉందేమో అనిపించింది. "గంతే చాలు. ఇల్లు పోతే ఏమాయె, గీ తడిక కట్టుకున్న. నౌకరి పోతే మల్ల దొరుకుతదా?"

ఆరోజైనా చెప్పాల్సింది. ఆమె పెట్టింది తిని, కాళ్లకు మొక్కి వచ్చేశాను. రెండేళ్ల తర్వాత ఈసారి చెప్పి తీరాలని గట్టిగా అనుకుని పోయాను. తడక తీసి ఉంది, లోపల వేరేవాళ్లున్నారు. ఆమె పోయి ఆర్నెల్లయిందన్నారు. చివరిదాకా అందరితో, "మా సారు నౌకరి నేనే నిలబెట్టిన" అని చెప్పుకునేదట.

ఇప్పుడు నాకు ఆమె వయసు కూడా దాటిపోయింది. ఒక్క పూట ఆమె ఎదురుగా కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పి, ఆమె నోటితో కడుపునిండా తిట్లు తినాలని ఉంది.